వ్రతం మర్నాటి అరటిపళ్లు

సత్యనారాయణ వ్రతమో, గృహప్రవేశమో జరిగిన ఇంట్లో మర్నాడు నాలుగైదు డజన్ల అరటిపళ్లు మిగలడం మామూలే. ఇరుగుపొరుగులకు పంచగా ఉన్నవన్నీ మూడోనాటికి ఒక్కసారే మెత్తబడతాయి. ప్రసాదం పారేయకూడదని ఇంట్లో పెద్దావిడ పూటకు రెండేసి తినేస్తుంది. ఆవిడకు మధుమేహం! వారం తర్వాత రక్తపరీక్ష చేయించుకుని, "మందు పనిచెయ్యడం లేదు డాక్టరుగారూ" అంటుంది. ఇలాంటి వారిని ఎందరినో చూశాను. తప్పు మందుది కాదు.

అరటికాయ పండేటప్పుడు ఇథిలీన్ అనే వాయువు విడుస్తుంది. అదే పక్కనున్న కాయనూ పండిస్తుంది. గెలను మూసిపెట్టి, పొగబెట్టి మగ్గబెట్టడంలో కిటుకు ఇదే. పొగలోనూ ఆ వాయువుంది. పళ్లు నిలవుండాలంటే దీనికి తలకిందులుగా చెయ్యాలి. ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి ఉంచకండి. అత్తానికి తాడు కట్టి, గాలి తగిలేచోట, పొయ్యికి దూరంగా వేలాడదీయండి. కిందపెడితే ఒత్తుకున్న చోటే ముందు కుళ్లుతుంది. పండినవాటిని పచ్చివాటి నుంచి వేరు చెయ్యండి. ఆపిల్, మామిడి, టమాటా పక్కన పెట్టకండి. తినేముందే కడగండి, తడిగా ఉంచితే తొడిమ దగ్గర బూజు పడుతుంది.

మరి ఫ్రిజ్ మాటేమిటి? పచ్చికాయలు పెట్టకూడదు. సుమారు 13 డిగ్రీల సెంటీగ్రేడు కన్నా చల్లదనం అరటికి పడదు. కాయ నల్లబడుతుంది, ఆపైన సరిగా పండదు. బాగా పండినవైతే పెట్టవచ్చు. తొక్క నల్లబడినా లోపలి గుజ్జు మరి కొన్నాళ్లు బాగుంటుంది. తొక్క నలుపు చూసి పండు పారేసే గృహిణులు అనవసరంగా డబ్బు పోగొట్టుకుంటున్నారు. పులిసిన వాసన, బూజు, నీరు కారడం ఉంటేనే పారేయండి. ఇంకా ఎక్కువుంటే తొక్క తీసి, ముక్కలు కోసి, డబ్బాలో పెట్టి ఐసు గడ్డకట్టే అరలో ఉంచండి. పిల్లలకు పాలలో కలిపి ఇవ్వవచ్చు.

ఇక పెద్దావిడ సంగతి. కాయ పండేకొద్దీ అందులోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. మధుమేహం అదుపులో ఉన్నవారు, తమ డాక్టరును అడిగి, మరీ మగ్గని చిన్నపండు ఒకటి తినవచ్చు. అదీ భోజనం మీద కాదు. మూత్రపిండాల జబ్బున్నవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అరటిపండులో పొటాషియం ఎక్కువ. దాన్ని బయటికి పంపలేని మూత్రపిండాలుంటే గుండె లయ తప్పవచ్చు. వారు డాక్టరు చెప్పనిదే ముట్టకూడదు, ప్రసాదమైనా సరే. మిగిలిపోతాయని బెంగగా ఉంటే, వీధిలో ఆవుకు పెట్టండి.