గుంటగలగర: కాలికింది మొక్క, నోటనున్న పేరు

వరిమడి గట్టున, కాలువ అంచున, వాననీరు నిలిచిన గుంట పక్కన మొలిచే ఒక చిన్న మొక్క మలేషియాలోని తెలుగువారికి ఎదురవుతూనే ఉన్నది. అదే గుంటగలగర. సంస్కృతంలో భృంగరాజం, తమిళంలో కరిసలాంగణ్ణి, మలయ భాషలో ఉరాంగ్ అరింగ్. ఆంధ్ర తీరం నుండి పేరాక్‌లోని బగాన్ దాతో కొబ్బరి తోటలకు వచ్చిన పూర్వులకు ఇది కొత్త మొక్క కాదు. విడిచి వచ్చిన ఊరి చెరువు గట్టునా ఇదే పూసేది. వారి మునిమనుమలలో చాలామందికి నేడు అది తలనూనె సీసా మీది బొమ్మ మాత్రమే. మొక్క నశించి పేరు పోవుట సహజం. మొక్క ఉండగా పేరు పోవుట విచారకరం.

శాస్త్రజ్ఞులు దీనిని ఎక్లిప్టా ప్రోస్ట్రాటా అంటారు. ఇది పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందినది, సాధారణంగా ఏకవార్షికం. సెంటీమీటరైనా లేని తెల్లని పువ్వుగా కనిపించేది నిజానికి ఒక పుష్పగుచ్ఛం. అంచున సన్నని తెల్లరేకుల పువ్వులు, నడుమ గొట్టపు పువ్వులు ఉంటాయి. ఈ కుటుంబంలో అనేక మొక్కల గింజలకుండే నూగు దీనికి ఇంచుమించు లేదు. ‘లోపించు’ అనే అర్థంగల గ్రీకు పదం నుండి ఎక్లిప్టా అనే పేరు వచ్చినది అందువల్లనే. గింజ మొలకెత్తుటకు వెలుతురు కావాలి. కనుకనే నీరు తీసిన బురదపై ఇది ముందుగా తలెత్తుతుంది. ఆకు నలిపితే రసం గాలి సోకి నల్లబడుతుంది. ఆ రసంలో తడిపి ఆరబెట్టిన గుడ్డను వత్తిగా చేసి తెలుగు ఇల్లాలు కాటుక పట్టింది. ఆ ఆకునే బొగ్గుతో నూరి పిల్లల చెక్కపలకలకు పూసేవారు.

కలుపు మొక్కకు ఇంత గౌరవమెందుకని కొందరు అడుగవచ్చు. రైతుకు అది కలుపే. కెడాలోని ముడా పథకం నీటితో 1970 నుండి ఏటా రెండు పంటలు సాధ్యమైనవి. 1980ల నుండి నాట్లకు బదులు విత్తనం వెదజల్లే పద్ధతి వ్యాపించగా కలుపుమందుల అవసరం పెరిగినది. పారాక్వాట్‌ను మలేషియా 2020లో నిషేధించినా, ఇతర మందులు వాడుకలోనే ఉన్నవి. రైతు పంటను కాపాడుకొనుట తప్పు కాదు. అయితే మందు చల్లిన గట్టున కోసిన ఆకు ఔషధమని నమ్ముట మాత్రం తప్పు.

వైద్యగుణాల విషయంలోనూ అతిశయోక్తి తగదు. జుట్టు పెరుగుదలపై ఎలుకలలో జరిపిన పరీక్షలు ఆశ కలిగించేవే. నెరసిన జుట్టు నల్లబడునన్న మాట మనుషులలో రుజువు కాలేదు. రహదారుల పక్కన పరచుకొన్న పసుపు పూల వెడీలియా అమెరికా ఖండం నుండి వచ్చిన వేరొక మొక్క. దానిని గుంటగలగరగా భ్రమించరాదు.

కావలసినది పెద్ద పథకమేమీ కాదు. తెలుగు నేర్పే ప్రతి తరగతి గదిలో శుభ్రమైన మట్టి నింపి, తడి ఆరకుండ చూచే ఒక కుండీ చాలును. దానిపై తెలుగు, మలయ, శాస్త్రీయ నామాలు మూడూ వ్రాయవలెను. ఆకు నలిపి, నల్లబడిన వేళ్లను చూచుకొన్న పిల్లవాడు రసాయన మార్పునూ, తాతమ్మల మాటనూ ఒకేసారి నేర్చుకొంటాడు. భాషను పుస్తకంలోనే కాక నేలపైన కూడ నిలుపుకొనుట సంఘాల కర్తవ్యం.