సీటొచ్చింది సరే... సొమ్మో?

మొన్న ఆదివారం పొద్దున చాయ్ గ్లాసులు ఇంకా కడగనే లేదు, మా వీధి చివరింటావిడ మైసూర్‌పాక్ డబ్బా పట్టుకుని వచ్చింది. "అక్కా, మా బిడ్డకు అమెరికాల ఎమ్మెస్ సీటొచ్చింది!" అంటూ నా నోట్లో ఓ ముక్క పెట్టింది. సంతోషమే కదండీ! మన మెదక్ బళ్ళో చదువుకుని, హైదరాబాదులో ఇంజనీరింగ్ చేసిన పిల్ల.

ఐదు నిమిషాలయ్యాక ఆవిడ గొంతు తగ్గింది. "స్కాలర్‌షిప్ మాత్రం రాలేదంట. అంతా మనమే పెట్టుకోవాల్నంట. మా ఇంటాయనేమో ప్లాటు అమ్ముదామంటుండు. మా అత్తమ్మేమో ఆడపిల్ల సదువుకు అన్ని పైసలు పెడితె రేపు పెండ్లెట్ల జేస్తరు అంటున్నది. నాకేం సమజైతలేదక్కా!"

ఇది ఆవిడ ఒక్కదాని బాధ కాదు. ఈమధ్య ప్రతి వీధిలో ఒక తల్లి ఇదే మాట అంటోంది. అందుకే ఈ వారం మీతో ఈ సంగతి మాట్లాడాలనుకున్నాను.

ముందు అత్తగారి మాట తేల్చేద్దాం. సీటొచ్చింది మనవడికైతే పెళ్ళి మాట ఎత్తేవారా? కొడుక్కైతే ప్లాటు అమ్మి, కూతురికైతే లెక్కలు తీయడం న్యాయం కాదండీ. లెక్క తీయాల్సిందే, కాని ఇద్దరికీ ఒకే లెక్క.

ఇక అసలు లెక్క. ఎసరు మరిగాక బియ్యం కోసం పక్కింటికి పరుగెత్తే ఇల్లాలు ఎవరైనా ఉంటారా? ముందే డబ్బా మూత తీసి చూసుకుంటాం. చదువుకీ అంతే.

సీటిచ్చిన యూనివర్సిటీ ఐ-20 అనే కాగితం పంపుతుంది. ఫీజు, అద్దె, తిండి, ఇన్సూరెన్సు అన్నీ కలిపి అందులో ఒక అంకె వేస్తారు. చాలామంది అది మొత్తం చదువుకి అనుకుంటారు. కాదు, మామూలుగా అది ఒక్క ఏడాదికే! ఎమ్మెస్ ఎక్కువగా రెండేళ్ళ చదువు. పైగా డాలరు ఒకచోట నిలవదు. 2015లో 65 రూపాయల దగ్గర ఉన్నది 2025 డిసెంబరులో 90 దాటింది. రెండో ఏడాది ఖర్చుకి కాస్త ఎక్కువే వేసుకోవాలి.

బ్యాంకు లోను ఉందిగా అంటారా? 30 లక్షలు 11 శాతం వడ్డీకి తీసుకున్నారనుకోండి. ఏడాది వడ్డీయే 3 లక్షల 30 వేలు. పదేళ్ళలో తీర్చాలంటే నెలకి సుమారు 41 వేలు కట్టాలి. చదువుకునే రోజుల్లో పెరిగిన వడ్డీ దీనికి అదనం. అంత లోనుకి బ్యాంకులు సాధారణంగా ఇల్లో, స్థలమో తాకట్టు అడుగుతాయి. తల్లో తండ్రో పిల్లతోపాటు అప్పుదారుగా సంతకం పెట్టాలి. పిల్లకి ఉద్యోగం ఆలస్యమైతే బ్యాంకు వాళ్ళు వచ్చేది మన గుమ్మానికే. అందుకే "ఇక్కడ సంతకం పెట్టు" అనగానే పెట్టేయకండి. ఏం కాగితమో చదివించుకోండి, అడగండి. ఉంటున్న ఇంటిని మాత్రం తాకట్టులోకి లాగకండి.

"అక్కడ పని చేసుకుంటా కదమ్మా" అంటారు పిల్లలు. చదువు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే, అదీ యూనివర్సిటీ లోపలే చేయనిస్తారు. దాంతో తిండికో అద్దెకో కాస్త ఆసరా అవుతుందేమో గాని ఫీజు తీరదు. అనుమతి లేకుండా బయట పని చేస్తే వీసాకే ముప్పు. చదువయ్యాక సైన్సు, ఇంజనీరింగ్ వాళ్ళకి మొత్తం మూడేళ్ళ దాకా పనికి అనుమతి దొరకవచ్చు. కాని అనుమతి వేరు, ఉద్యోగం వేరు. ఆ తర్వాత కావలసిన హెచ్-1బి వీసాకి 2025 సెప్టెంబరులో లక్ష డాలర్ల కొత్త రుసుము ప్రకటించారు. అది అందరికీ వర్తించదు, కాని కంపెనీలు వెనకాడడానికి అదీ ఒక కారణమే.

ఇంకో మాట. ఎమ్మెస్‌కి స్కాలర్‌షిప్ రాకపోవడం మామూలే, అందులో పిల్ల తప్పేం లేదు. పీహెచ్‌డీ సంగతి వేరు. అక్కడి మంచి సైన్సు విభాగాలు పీహెచ్‌డీ వాళ్ళకి సాధారణంగా ఫీజు లేకుండా చేసి నెలనెలా భత్యమిస్తాయి. పీహెచ్‌డీకి సీటిచ్చి డబ్బు లేదంటే మాత్రం వెనక్కి తగ్గడమే మేలు.

డబ్బు లేకుండా వెళ్ళి పైకొచ్చినవాళ్ళు లేరా అంటారు. ఉన్నారు. మన యల్లాప్రగడ సుబ్బారావుగారే ఉన్నారు. 1895లో భీమవరంలో పుట్టారు. మామగారి సాయంతో, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయంతో అమెరికా చేరారు. హార్వర్డులో స్కాలర్‌షిప్ దొరకలేదు. పూటగడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మూత్రపాత్రలు కడిగారు. ఆ చేతులే తర్వాత బోదకాలుకి మందునీ, ఫోలిక్ ఆమ్లాన్నీ లోకానికి అందించాయి.

ఈ కథ మగవాళ్ళు ఇక్కడితో ఆపేస్తారు. మనం ఇంకొంచెం ముందుకి వెళ్దాం. మూడేళ్ళలో వస్తానని ఆయన భార్య శేషగిరిగారికి చెప్పి ఓడెక్కారు. 1948లో న్యూయార్కులో కన్నుమూశారు, తిరిగి రాలేదు. ఆవిడ ఆయన్ని మళ్ళీ చూడనే లేదు. ఆయన గొప్పతనం ఇసుమంతైనా తగ్గదండీ. కాని ఆ చదువు ఖరీదులో కొంత కట్టింది ఆవిడే, ఎవరి లెక్కలోనూ ఆవిడ పేరు లేదు. డబ్బు రాని చదువుకి ఇంట్లో ఎవరో ఒకరు కడతారు. ఆ కట్టేవాళ్ళెవరో ముందే పేరు రాసుకుని, వాళ్ళని అడిగి, అప్పుడు "సరే" అనాలి.

దారులు లేకపోలేదు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ పిల్లలకు మన రాష్ట్రంలో విదేశీ విద్యకు 20 లక్షల దాకా ఇచ్చే పథకాలున్నాయి. ఆదాయం, మార్కులు చూస్తారు, డబ్బు విడతల్లో వస్తుంది కనుక మొదటి ఖర్చు మనమే పెట్టుకోవాలి. ఇక్కడే చదివితే గేట్ పాసై ఎంటెక్‌లో చేరినవాళ్ళకి నెలకి 12,400 ఇస్తారు. నెట్‌లో జేఆర్‌ఎఫ్ వచ్చి పీహెచ్‌డీ చేస్తే 2023 నుంచి నెలకి 37 వేలు. హైదరాబాదు మనకి వంద కిలోమీటర్ల దూరమే! కొన్ని యూనివర్సిటీలు రాసి అడిగితే సీటుని మరుసటి టర్ముకో, ఏడాదికో వాయిదా వేస్తాయి. ఆ ఏడాది ఉద్యోగం చేసి నాలుగు రాళ్ళు వెనకేసుకోవచ్చు, మళ్ళీ స్కాలర్‌షిప్‌కి రాసుకోవచ్చు.

ఇవన్నీ చెప్పి ఆవిడ చేతికి ఓ నోటుబుక్కు ఇచ్చాను. బుధవారం సాయంత్రం మళ్ళీ వచ్చింది. తల్లీకూతుళ్ళు రెండు రాత్రులు కూర్చుని లెక్క వేశారట. పిల్లే చూసి, "అమ్మా, వాయిదా అడుగుత. ఈ ఏడు కొల్వు జేస్త" అందట. వాళ్ళు వాయిదా ఇస్తారో లేదో ఇంకా తెలియదు. ఇవ్వకపోతే మళ్ళీ నోటుబుక్కు తీస్తారు.

"మరి మీ అత్తమ్మ ఏమంటోంది?" అన్నాను.

"లెక్క రాస్తుంటె పక్కనే కూసున్నది అక్కా. నా గాజులు కూడ రాయిండ్రి అన్నది!"

అది విన్నాక నాకు మైసూర్‌పాక్ కంటే తియ్యగా అనిపించింది. మీ ఇంట్లోనూ సీటొచ్చిన పిల్లలుంటే, ప్లాటు కాగితాలు తీసేముందు నోటుబుక్కు తీయండి. సరేనా?