కాయనాత్ మక్సద్: ఈసాయీల జవాబు

ఈ కాయనాత్ ఎందుకు? మన బచ్చాలు ఎందరో మిషనరీ స్కూళ్లలో చదువుతున్నారు. ఈసాయీల జవాబు మనకూ సరిగ్గా తెలియాలి. గేలి చేయడానికి కాదు, మాట్లాడుకోవడానికి.

1647లో తయారైన వెస్ట్‌మిన్‌స్టర్ చిన్న ప్రశ్నోత్తరిలో మొదటి సవాలే ఇది: మనిషి అసలు మక్సద్ ఏమిటి? ఖుదాను మహిమపరచడం, ఎప్పటికీ ఆయనలో ఆనందించడం అని జవాబు. అమెరికా పాదిరి జొనాథన్ ఎడ్వర్డ్స్ దీని మీద ఒక కితాబే రాశాడు. ఆయన ఇంతెఖాల్ తర్వాత 1765లో అచ్చయింది. ఖుదా దేనికీ ముహతాజ్ కాదు, ఊట పొంగినట్టు ఆయన మంచితనం పొంగి సృష్టి అయిందంటాడు.

ముహతాజ్ కాదన్న మాట మనదీ. జిన్నాతునూ ఇన్సాన్‌నూ పుట్టించింది ఇబాదత్ కోసమేనని సూరా జారియాత్ చెబుతుంది. ఫరఖ్ ఎక్కడంటే, వాళ్లకు సృష్టంతా ఈసా ద్వారా, ఈసా కోసం. మనకు ఈసా అలైహిస్సలాం పైగంబర్, అల్లాహ్ బందా. ఈ ఫరఖ్‌ను దాచక్కర్లేదు, దానికోసం దుష్మనీ అక్కర్లేదు.

కానీ అంత గొప్పగా రాసిన ఎడ్వర్డ్స్ ఇంట్లో బానిసలుండేవారు. మక్సద్ కితాబులో ఉండి, మఖ్లూఖ్ కాళ్లకింద ఉంటే ఏం ఫాయిదా? ఈ సవాల్ ఆయన ఒక్కడికే కాదు. ఐదు పూటలా సజ్దా చేసి, పనిమనిషి జీతం ఆపేవాళ్లకూ ఇదే సవాల్. ఇబాదత్ మక్సదైతే, బందాల హఖ్ అందులో భాగమే.