నోట్లో మన్ను

మావాడికి తొమ్మిదేళ్లు. మాటల్లేవు. మన్ను తింటాడు. బలపాలు నములుతాడు, గోడ సున్నం గీకి తింటాడు, చొక్కా గుండీలు పీకి మింగుతాడు. రోజూ బడికి పోయేముందు మోకాళ్లమీద పాకుతూ ఇల్లంతా ఏరతాను. అయినా సాయంత్రానికి వాడి నోట్లో నా వేలు పెట్టాల్సిందే. ఆ వేలిమీద గాట్లు చూసి "టీచర్, కుక్క కరిసిందా?" అంటారు మా పిల్లలు. కుక్కయితే బాగుండు. దానికి సూదిమందుంది.

సంగతి తెలిసినరోజు స్టాఫ్‌రూములో ఒకావిడ నవ్వుతా అంది: "జీతం వస్తందిగా టీచర్, పిల్లోడికి ఇంకా కడుపునిండా పెట్టట్లేదా?" ఆ 'ఇంకా' ఉందే, అందులో మా మాదిగపల్లె మొత్తం ఉంది. కరువులో మా అమ్మ ఉడకేసిన ఆకులున్నాయి.

ఆసుపత్రికి తీసుకుపోతే డాక్టరు వాణ్ణి ముట్టుకోలేదు. ఏ ఊరన్నాడు. ఊళ్లో ఎక్కడన్నాడు. చెప్పాను. "మీ కాలనీల్లో మామూలేనమ్మా, నులిపురుగుల మందెయ్యి" అన్నాడు. రక్తం చూడలేదు. పిల్లోడికి మాటెందుకు రాలేదని అడగలేదు. మా కులం తెలిశాక ఆయనకి ఇంకే పరీక్షా అక్కర్లేకపోయింది. మూడేళ్లు అట్టా పోయినయ్.

వేరే ఊళ్లో ఒక డాక్టరమ్మ రక్తం తీయించింది. హిమోగ్లోబిన్ 11.5 ఉండాల్సిన వయసులో 7 ఉంది. మాట రాకపోవటానికి కారణం ఆటిజమనీ, తినకూడనివి తినటాన్ని పైకా అంటారనీ ఆమే చెప్పింది. ఆటిజం ఉన్న పిల్లల్లో ఇది ఎక్కువంట. ఒంట్లో ఇనుము, జింకు తగ్గినా రావచ్చు. కొందరికి పంటికింద ఆ కరకరే కావాలి. పాత రంగు పెచ్చుల్లో సీసముంటే మెదడుకి చేటు. గుండీలూ రాళ్లూ పేగుకి అడ్డం పడితే ప్రాణానికే ముప్పు. తిట్టినా కొట్టినా తగ్గదు. ఇనుము మందు పోశాక మన్ను తగ్గింది. బలపం తగ్గలేదు. దానికి చెయ్యి చాచినప్పుడల్లా జంతికముక్క పెడుతున్నా.

యశోద కొడుకూ మన్ను తిన్నాడు. ఆ పోతన పద్యం రాగం తీసి మరీ పిల్లలకి నేర్పుతాను. ఆయన నోరు తెరిస్తే పద్నాలుగు లోకాలు కనపడ్డాయి. మావాడు నోరు తెరిస్తే మీకు మా కులం ఒక్కటే కనపడిందా? తరతరాలుగా మా నోట్లో మన్నుకొట్టినోళ్లే ఇవాళ మావాడి నోట్లో మన్ను చూసి ముక్కులు మూసుకుంటున్నారు.

మనవాళ్లకీ ఒక మాట చెప్పాలి. ముందు నాకే చెప్పుకోవాలి. మా ఇంట్లో మొదట డిగ్రీ చదివింది నేను. 'టీచరమ్మ కొడుకు' మన్ను తింటాడంటే పరువు పోతుందని, చుట్టాలొచ్చినప్పుడు వాణ్ణి గదిలో పెట్టి గొళ్లెం వేశాను. తలుపు తీసేసరికి గోడ తిని కూచున్నాడు. పెదాలమీద సున్నం, నెత్తురు. వెలి అంటే ఏంటో పుట్టినప్పట్నించీ తెలిసినదాన్ని, నా ఇంట్లో నేనే వెలిపెట్టాను. ఆరోజునుంచి ఆ తలుపుకి గొళ్లెం లేదు.

"మిగతా పిల్లలు చూసి నేర్చుకుంటారు, ఇంట్లోనే ఉంచుకోండి" అన్నారు మా హెడ్మాస్టరు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. వైకల్యం 40 శాతానికి తగ్గకపోతే 6 నుంచి 18 ఏళ్లదాకా దగ్గరి బడిలో ఉచితంగా చదివే హక్కుంది. సదరం క్యాంపు చుట్టూ తిరిగి తెచ్చిన కాగితం ఆయన బల్లమీద పెట్టాను. దయ చూపమని అడగలేదు, రిజిస్టరులో పేరు రాయమన్నాను. రాశారు.

ఇప్పుడు మావాడు ముందు బెంచీలో కూచుంటాడు. బలపం నోట్లో పెట్టుకుంటాడు, నేను తీస్తాను. మళ్లీ పెట్టుకుంటాడు, మళ్లీ తీస్తాను. వాడి నోట్లో మన్ను నేను తీసుకుంటాను. మీ నోట్లో మాట మీరు తీసుకోండి.