కాయిల్ పోయిందనే చెప్పా

ఎయిర్‌స్ట్రిప్ మీద డ్రాగ్ మీట్. నాలుగో రన్ అయ్యాక నా టర్బో పెట్రోల్ కారు ఐడిల్‌లో వణకడం మొదలెట్టింది. స్కానర్ పెడితే పీ0303. అంటే మూడో సిలిండర్‌లో మిస్‌ఫైర్. కాయిల్ పోయుంటుందిలే అనుకున్నా. చవగ్గా పోతుంది కదా! మూడో కాయిల్, ప్లగ్ తీసి ఒకటోదాంతో మార్చా. కోడ్ మాత్రం కదల్లేదు. ఇక నడపకుండా టో చేయించా.

మర్నాడు మెకానిక్ అన్న కంప్రెషన్ చూశాడు. మూడింటిలో 170 పీఎస్ఐ దాకా ఉంది, మూడోదాంట్లో 60. ప్లగ్ రంధ్రంలోంచి చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూస్తే 110. వాల్వ్ లీకైతే ఆయిల్‌తో అంత లేవదు. తేడా పిస్టన్ రింగుల దగ్గరే. వాల్వులు మూసుకున్న పొజిషన్‌లో పెట్టి సిలిండర్‌లోకి గాలి ఎక్కిస్తే, ఆయిల్ పోసే మూత దగ్గర బుస్సుమంది.

"బూస్ట్ ఎంత పెంచావ్ తమ్ముడూ?"

నేను నేల చూశా. రీమ్యాప్ చేయించి, మామూలు పెట్రోలే పోసి తొక్కా. ఆక్టేన్ చాలక నాకింగ్ వస్తే రింగుల మధ్య సన్నటి గట్టు విరుగుతుంది. ఇంజిన్ విప్పితే కనబడింది అదే. సిలిండర్ గోడ గీసుకుపోలేదు, అదొక్కటే అదృష్టం.

నాన్నకి మాత్రం ఇంకా కాయిల్ అనే చెప్పా.