యంత్ర విశేషాలు: దూరపు దారికి తగిన మోటారు సైకిలు

ఇంట్లో చేతికందిన కుర్రవాడు "మోటారు సైకిలు మీద లడక్ పోయి వస్తాను" అంటే పెద్దవాళ్ల గుండె ముందు ఝల్లుమంటుంది. తరువాత మాట ధర మీదికి పోతుంది. కుర్రవాడేమో ఇంజను బలం లెక్కలు వల్లిస్తాడు. అడగవలసిన మొదటి ప్రశ్న మాత్రం ఎవరికీ తోచదు: ఈ బండి ఏ దారి కోసం తయారైనది? దూరప్రయాణపు బండిలో ప్రతి ఏర్పాటూ దారిని బట్టి వచ్చినదే. రెండు బండ్లను ప్రక్కప్రక్కన నిలిపి చూస్తే సంగతి బోధపడుతుంది.

మొదటిది జపాను వారి హోండా గోల్డ్ వింగ్. 1974లో జర్మనీలోని కొలోన్ ప్రదర్శనలో దీనిని తొలిసారి చూపించారు. అప్పుడు దానికి నాలుగు సిలిండర్ల 999 సి.సి. ఇంజను ఉండేది. ఎదురుగాలిని ఆపే తొడుగు గాని, సామాను పెట్టెలు గాని లేవు. అమెరికాలో వందల మైళ్లు తిరిగేవారు వాటిని విడిగా కొని బిగించుకొనేవారు. అది చూచి కంపెనీవారే 1980లో అవన్నీ బిగించిన బండిని అమ్మకానికి పెట్టారు. నేటి ఇంజను 1833 సి.సి.; ఆరు సిలిండర్లు, ప్రక్కకు మూడేసి చొప్పున పడుకోబెట్టినట్లుంటవి. అందువల్ల బరువు నేలకు దగ్గరగా ఉంటుంది, వణుకూ తక్కువ. చెయిను బదులు ఇరుసు కడ్డీ చక్రాన్ని త్రిప్పుతుంది గనుక నూనె పూసే శ్రమ లేదు. పెట్టెలతో సహా బండి 380 కిలోలు దాటుతుంది. అంత బరువును కాళ్లతో వెనుకకు నెట్టడం కష్టం గదా! అందుకే వెనుకకు నడిచే ఏర్పాటు కూడా పెట్టారు. చదునైన రాజమార్గాల మీద భార్యాభర్తలు ఇద్దరూ రోజంతా అలసట లేకుండా పోవడానికి ఇది తగినది. గులకరాళ్ల కొండదారిలో దీనిని దింపితే ఆ బరువే శత్రువవుతుంది.

రెండవది మన మద్రాసు సొత్తు. 1955లో ఇంగ్లండు కంపెనీ, మద్రాస్ మోటార్స్ వారు కలిసి స్థాపించిన ఎన్‌ఫీల్డ్ ఇండియాయే నేటి రాయల్ ఎన్‌ఫీల్డ్. తిరువొత్తియూరు కర్మాగారం పేరు తమిళనాట ఉన్న మనవాళ్లకు కొత్త కాదు. వారు 2016లో హిమాలయన్ అనే బండిని తెచ్చారు. 2023 నవంబరులో దానినే 452 సి.సి. ఇంజనుతో కొత్తగా తీర్చిదిద్దారు. ఇంజను ఒకే సిలిండరుది, నీటితో చల్లబడేది. బలం సుమారు 40 అశ్వశక్తులు, బరువు 196 కిలోలు. ముందు చక్రం 21 అంగుళాలది. పెద్ద చక్రం గోతిలో కూరుకొనిపోక దొర్లి దాటుతుంది. షాకబ్సార్బర్లు ముందూ వెనుకా 200 మిల్లీమీటర్ల మేర కదులుతవి. ఇంజను అడుగుకూ నేలకూ మధ్య 230 మిల్లీమీటర్ల ఎడం ఉండడం వల్ల రాయి తగలదు. పెట్రోలు బంకులు దూరదూరంగా ఉండే దారి గనుక టాంకులో 17 లీటర్లు పడుతుంది. అయితే ఈ ఎడం కోసం సీటు ఎత్తు 825 మిల్లీమీటర్లయింది. పొట్టివాడి కాలు నేలకు సరిగా ఆనకపోవచ్చును. ఒక సౌకర్యం కావాలంటే మరొకటి వదులుకోక తప్పదు.

బ్రేకుల సంగతి మరీ ముఖ్యం. తడిరోడ్డు మీద గట్టిగా బ్రేకు పట్టితే చక్రం బిగుసుకొని బండి జారిపోతుంది. బిగుసుకోబోతున్న చక్రాన్ని క్షణంలో అనేకసార్లు వదలి పట్టే సాధనమే ఏ.బి.ఎస్. మోటారు సైకిళ్లలో దీనిని మొదట 1988లో బి.ఎం.డబ్ల్యు. వారు అమర్చారు. మన దేశంలో 125 సి.సి. దాటిన బండ్లకు 2019 ఏప్రిల్ 1 నుంచి అది తప్పనిసరి అయినది. హిమాలయన్‌లో వెనుక చక్రానికి మాత్రం దీనిని ఆపివేసుకొనే వీలు కలదు. వదులు మట్టిలో చక్రం కాస్త బిగుసుకొని మట్టిని త్రవ్వితేనే బండి త్వరగా నిలుస్తుంది. తారురోడ్డు ఎక్కగానే మరల పనిచేయించడం మరువరాదు.

కొనేటప్పుడు దుకాణంలో అయిదు నిమిషాలు కూర్చొని చూస్తే చాలదు. వెనుక కూర్చోబోయే ఇల్లాలినీ కూర్చోబెట్టండి. ఆమె మోకాళ్లు ఎంత మడవవలసి వస్తున్నదో, పట్టుకొనడానికి పిడి ఉన్నదో లేదో ఆమెనే అడగండి. బరువైన సామాను వెనుక పైపెట్టెలో కుక్కవద్దు. ముందు చక్రం తేలిక అయి హేండిలు ఊగుతుంది. ప్రక్క పెట్టెలలో రెండువైపులా సమంగా, క్రిందికి సర్దాలి. ఇద్దరు ఎక్కినప్పుడు టైర్లలో గాలి ఎంత ఉండాలో బండితో ఇచ్చిన పుస్తకంలో వ్రాసి ఉంటుంది. దాని ప్రకారం పట్టించాలి. హెల్మెట్టు వెనుక కూర్చున్నవారికి కూడా చట్టం విధించినదే. కనుక బండికి డబ్బు కట్టే రోజునే రెండు హెల్మెట్లూ కొని, ఆమె తలకు సరిపోయినదో లేదో చూచి మరీ ఇంటికి తీసుకొనిరండి.