అవ్వ మొహం అమ్మిందెవరు?



మొన్న పని మీద విశాఖ వెళ్లాను. ఒక కాఫీ దుకాణం గోడ నిండా మా ఊరి అవ్వ ఫొటో. ముక్కున మూడు కమ్మలు, దోసిలి నిండా ఎర్రటి కాఫీ పళ్లు. కింద దుకాణం పేరుంది. అవ్వ పేరు లేదు.

ఏ సిటీ వాడో తీసుంటాడని కోపంగా ఊరికొచ్చాను. వాకబు చేస్తే తేలింది, తీసింది మన తమ్ముడే. ఫోన్‌లో ఐదొందలు వేసి, "రైట్స్ అన్నీ మావే కదా" అని వాట్సాప్‌లో అడిగారట. వీడు "ఓకే అన్నా" అని కొట్టాడట. అవ్వకి ఒక్క రూపాయి రాలేదు. తన మొహం ఆ గోడ మీద ఉందని కూడా ఆమెకి తెలీదు.

తమ్ముణ్ణి తిట్టడానికి ఇది రాయట్లేదు. సంతలో చింతపండు అమ్మేటప్పుడు కాటా వైపే చూస్తుంటాం, దళారి ఎక్కడ మోసం చేస్తాడోనని. ఫొటో దగ్గర మాత్రం కాటా ఉందనే మనకి తెలీదు. ఆ తెలియనితనం మీదే వాళ్ల వ్యాపారం నడుస్తోంది.

1957 కాపీరైట్ చట్టం ఏమంటోందో వినండి. ఫొటో తీసినవాళ్లే దానికి మొదటి హక్కుదారు. సెల్‌ఫోన్‌తో తీసినా అంతే. రిజిస్ట్రేషన్ చేయించకపోయినా హక్కు పోదు. రాతలో, మీ సంతకంతో లేకపోతే కాపీరైట్ బదిలీ చెల్లదు. రాసిచ్చినా, ఎన్నేళ్లకో రాయకపోతే ఐదేళ్లకే. ఏ ప్రాంతానికో రాయకపోతే ఇండియా వరకే. మొత్తం అమ్మేసినా "ఈ ఫొటో తీసింది నేను" అని చెప్పుకునే హక్కు మీ దగ్గరే ఉంటుంది. రెండు చోట్ల మాత్రం జాగ్రత్త. డబ్బు తీసుకుని ఎవరికోసమైనా పెళ్లి ఫొటోలు తీస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు హక్కు తీయించుకున్నవాళ్లది. జీతానికి పనిచేస్తూ ఆ పనిలో భాగంగా తీస్తే యజమానిది.

ఇదంతా తీసినవాళ్ల సంగతి. మరి ఫొటోలో ఉన్న అవ్వ సంగతేంటి?

కాపీరైట్ చట్టం ఆమెని పట్టించుకోదు. ఆమెకి అండ వేరేచోట ఉంది. అనుమతి లేకుండా ఒక మనిషి పేరునో రూపాన్నో ప్రకటనలకి వాడుకుంటే గోప్యత హక్కుని కాలరాసినట్టేనని 1994లో ఆర్. రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది జడ్జీలు తేల్చారు. కాబట్టి కాపీరైట్ మీదైనంత మాత్రాన అవ్వ మొహం మీది అయిపోదు.

"సంతలో అందరి ముందే తీశాం, తప్పేంటి?" అని కొందరంటారు. సంతలో జరిగింది వార్తగా చూపించడం వేరు, అవ్వని చూపించి కాఫీ అమ్ముకోవడం వేరు. ఆ తేడా తెలియనట్టు నటించేవాళ్లకే లాభం.

మన భూమి గిరిజనేతరుల చేతిలోకి పోకూడదని 1/70 కోసం ఇంత కొట్లాడుతున్నాం. ఆ భూమి మీద నిలబడ్డ మనిషి మొహం ఐదొందలకి పోతుంటే చూస్తూ ఊరుకుందామా?

అందుకే మన పిల్లలు కెమెరా పట్టాలి, ఇంకా ఎక్కువగా పట్టాలి. కానీ అమ్మేముందు ఫొటోలో ఉన్న మనిషికి, ఎక్కడ వాడతారో, ఎంతొస్తుందో వాళ్ల భాషలో చెప్పాలి. కాగితం మీద ఒప్పుకోలు తీసుకోవాలి, వచ్చినదాంట్లో వాటా ఇవ్వాలి. 18 ఏళ్లు నిండని పిల్లలైతే తల్లిదండ్రుల్ని అడగాలి. మన పండగలు, మన దేవతల చోట్లు ఒక్కరి సొత్తు కాదు. సంప్రదాయాల్ని, సాంస్కృతిక గుర్తింపుని కాపాడే అధికారం 1996 పెసా చట్టం గ్రామసభకి ఇచ్చింది. వ్యాపార షూటింగులకి ఏం షరతులుండాలో ప్రతి గ్రామసభా తీర్మానం చేయాలి.

లాయరుకి డబ్బులెక్కడివి అంటారా? ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం చట్టంలోనే ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టుకోవచ్చు. తమ్ముడి సంతకం, అవ్వ వేలిముద్ర రెండూ వేసి మేం పెడుతున్నాం.

తమ్ముడూ నేనూ వెళ్లి అవ్వకి ఫోన్‌లో ఆ గోడ చూపించాం. చాలాసేపు చూసింది. "ముందే అడిగుంటే మంచి చీర కట్టుకునేదాన్ని కదరా" అంది.

తమ్ముడు తలెత్తలేదు. తలదించుకోవాల్సింది వాడొక్కడే కాదు.

జై ఆదివాసీ!